పదకొండు సెకన్ల చీకటి

మొదటి సెమిస్టరంతా ముళ్ళే.
గుచ్చుకునేవి కావు, తాడుకి వేసేవి.
అలా అనుకున్నాం గానీ
అవీ గుచ్చుకున్నాయి అరచేతుల్లో.

షిప్‌యార్డులో ముప్పై ఏళ్ళు రిగ్గరుగా చేసిన
దానయ్య గారు మాకు గెస్ట్ లెక్చరర్.
స్టాఫ్ రూములో కుర్చీ అంచునే కూర్చునేవాడు,
స్టేజీ పైన ఇరవై అడుగుల ఎత్తులో మాత్రం
చుట్ట వెలిగించకుండా నోట్లో పెట్టుకుని
పడక్కుర్చీలో ఉన్నట్టు ఉండేవాడు.
"ముడెయ్యడం ఏటమ్మా గొప్ప,
సీకట్లో, సెయ్యి సెమటపట్టినపుడు
ఒక్క లాగుడుకి ఇడిపోవాల.
అదీ ముడంటే."
ఇది ఏ పేపరు కిందకొస్తుందో
మాలో ఎవరూ అడగలేదు.

వాల్తేరు గాలి మాకు శత్రువు.
ఏప్రిల్లో బిగదీసి కొట్టిన కాన్వాసు
ఆగస్టుకి బాలింత పొట్టలా జారిపోయేది.
కప్పీల మీద ఉప్పు, జెల్ కాగితాల మీద ఉప్పు,
బీరువాలో గుడ్డ చుట్టి దాచిన
స్పానర్ మీద కూడా.
శనివారం శనివారం
క్లాంపులకి నూనెతో తలంటేవాళ్ళం.

"యాక్టింగా?" అనేది పక్కింటి ఈశ్వరమ్మ.
కాదు.
"డేన్సా?"
కాదు.
"మరేటి సదూతున్నావే అన్నేళ్ళు?"
చీకటి, అన్నానొకసారి, విసుగొచ్చి.
ఆవిడ మా అమ్మ వైపు జాలిగా చూసింది.

ఫైనల్ ప్రాక్టికల్ శుక్రవారం పడింది.
"శుక్రవారం పూట నల్లబట్టలేటే" అని
వీధిమొగ దాకా వెనకే వచ్చింది అమ్మ.
ఆ రంగే మా యూనిఫాం, మా హాల్ టికెట్.
కనబడితే ఫెయిల్.

మూడో రంగంలో ఇల్లు. నాలుగో రంగంలో రేవు.
మధ్యలో మాకిచ్చింది పదకొండు సెకన్లు.
గోడలు అప్పలసూరివి, మంచం రోజ్‌లిన్‌ది,
పడవ ముక్కు ఖాజావలిది,
పైనుంచి దిగే వల నాది.
నేలమీద రేడియం టేపు చుక్కలు,
అంతే మాకున్న ఆకాశం.

గో అన్నాను.
లైట్లు పోయాయి. రెండోదానికి గోడ కదిలింది,
చెవి పక్కనుంచి మంచం వెళ్ళింది
రోజ్‌లిన్ ఊపిరితో సహా.
ఐదు. ముడి లాగాను.
రాలేదు.
పొద్దున్న పడిన జల్లుకి తాడు ఉబ్బిపోయింది.
ఆరు. గోరు విరిగింది.
ఏడుకి నా బుర్రలో రెండేళ్ళ నోట్సు లేవు,
డిజైన్ థియరీ లేదు, ఏమీ లేదు.
వంగి పళ్ళతో పట్టుకున్నాను.
కొబ్బరిపీచు, ఉప్పు, ఇనుము రుచి.
తొమ్మిది.
వదిలింది.
వల మంచులా దిగింది,
పదకొండుకి రేవు మీద తెల్లారింది.
చప్పట్లు కొట్టలేదెవరూ.
కొట్టుంటే మార్కులు పోయేవి.

హైదరాబాదు నుంచొచ్చిన ఎగ్జామినర్
నా ప్రాంప్టు బుక్కు తిరగేస్తూ
నలభై రెండో పేజీ మీద మరక చూసి
"టీయా?" అన్నాడు.
పెదవి, అన్నాను.
కాగితం మీద రాశాడు: మార్పు గమనించలేదు.
అది మెప్పో,
ఆయన కునుకు తీశాడో
ఇప్పటికీ తెలీదు నాకు.

సెట్టు విప్పి, మేకులు ఏరి డబ్బాలో పోసి
బయటికొచ్చేసరికి పదకొండున్నర.
గేటు దగ్గర అమ్మ, చేతిలో నా చెప్పులు.
షేర్ ఆటోలో సిరిపురం దాటేదాకా
ఒక్క మాటా లేదు.
తర్వాత అంది:
"చెంగు సర్దుకుని చూసేతలికి
ఇల్లు పోయి రేవొచ్చీసిందే.
నువ్వెక్కడున్నావే అప్పుడు?"
అక్కడే, అన్నాను.

కంచరపాలెం మెట్టు దగ్గర దిగాం.
వీధి దీపం రెండు వారాలుగా లేదు.
డ్రైవరు టార్చి కోసం తడుముతున్నాడు.
పూర్ణా మార్కెట్ పసుపు ఇంకా వదలని వేళ్ళతో
అమ్మ కొంగు చివర ముడి పట్టుకుంది.
చూడనైనా చూడలేదు,
ఒక్క లాగుడు.
చిల్లర సరిగ్గా నలభై.